మైకు మామయ్య గొంతులో బూజు

మా మామయ్యది బస్టాండులో మైకు ఉద్యోగం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది అసలు రాదో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పడమే పని. అమ్మకు ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. ఇంట్లో మాకే కాదు, వీధిలో వాళ్ళకూ డిపోలో డ్రైవర్లకూ కూడా ఆయన మైకు మామయ్యే. తనకంటే వయసులో పెద్దవాళ్ళు మామయ్యా అని పిలిచినా “ఏం అల్లుడూ” అని పలికేవాడు.

ప్లాట్‌ఫాంల పైన, ఇనప మెట్లెక్కి వెళితే, మూడువైపులా అద్దాలున్న చిన్న గది ఆయనది. మైకుకు అత్త కుట్టిన నల్లగుడ్డ తొడుగు. పక్కన టీ ఫ్లాస్కు, సిగరెట్లు, అగ్గిపెట్టె. ఫ్యాను కిరకిరమంటుందని మాట్లాడేముందు దాన్ని ఆపి, మాట అయ్యాక మళ్ళీ వేసేవాడు. చెప్పేది బస్సుల సంగతే అయినా చెప్పే తీరు వేరు. బస్సు ఆలస్యమైతే, “బస్సు ఇంకా రాలేదు. మీరు మాత్రం వేళకే వచ్చారు, కాబట్టి తప్పు మీది కాదు” అనేవాడు. ఒకసారి తప్పిపోయిన చిన్నపిల్లను ఆయన గదిలోకి తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పిల్ల ఏడుపు ఆపడం లేదు. మామయ్య మైకు తీసుకుని, “ఎర్రగౌను వేసుకున్న ఒక రాణిగారు వాళ్ళ అమ్మానాన్నలను పోగొట్టుకున్నారు. పోయినవాళ్ళు వెంటనే వచ్చి దొరకవలసిందిగా కోరుతున్నాం” అన్నాడట. బస్టాండంతా నవ్వింది. ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వింది. పోయిన అమ్మానాన్నలు పరిగెత్తుకుంటూ వచ్చి దొరికారు.

ఇంట్లో మాత్రం మాట అత్తదే. అత్త స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. కాళ్ళ కింద మిషను ఎంత వేగంగా ఆడేదో నోట్లో నాలుకా అంతే వేగంగా ఆడేది. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే మేడ మీద, మధ్యలో ఒక్క గోడ. వాళ్ళకు పిల్లలు లేరు. నేను స్కూలు నుంచి వచ్చి సంచి అక్కడే పడేసేదాన్ని, చదువయ్యాక అదే స్కూల్లో టీచరునై కూడా అక్కడే పడేసేదాన్ని. “రోజంతా ఊరికి చెప్పి వస్తాను అమ్మడూ, ఇంటికొచ్చాక మీ అత్త చెప్పింది వింటాను. లెక్క సరిపోతుంది” అనేవాడు మామయ్య.

అలాంటి గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు. తర్వాత ఎండకన్నాడు. ఆపైన దుమ్ముకన్నాడు. అత్త వేడినీళ్ళిచ్చి పుక్కిలించమంటే పుక్కిలించేవాడు, సిగరెట్టు మానమంటే వినపడనట్టు ఊరుకునేవాడు. చివరికి మైకులో ఆయన మాట అర్థంకాక జనం ఒక బస్సు బదులు ఇంకో బస్సెక్కుతున్నారని డిపో మేనేజరే బలవంతాన పెద్దాసుపత్రికి పంపాడు.

గొంతు డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. స్వరపేటికలో కాన్సర్. బాగా పాకింది. పేటిక మొత్తం తీసేస్తే మనిషి దక్కుతాడు.

“తీసేస్తే బస్సుల సంగతి ఎవరు చెబుతారు?” అన్నాడు మామయ్య, ఆ మిగిలిన కాస్త గొంతుతోనే.

“బస్సులు వాటంతటవే వెళ్తాయి. ముందు మీరుండండి” అంది అత్త. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అత్త అంతసేపు మౌనంగా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడ కింద, చొక్కా మొదటి గుండీ ఉండేచోట, చిన్న రంధ్రం మిగిలింది. ఇక ఊపిరి తీసేదీ వదిలేదీ దాన్నుంచే. నోటికీ ఊపిరితిత్తులకూ సంబంధం తెగిపోయింది. దుమ్ము పోకుండా ఆ రంధ్రం మీద పల్చటి గుడ్డ కట్టుకోవాలి. అత్త యూనిఫారం గుడ్డల్లో మెత్తనివి ఏరి, నాడాలు పెట్టి కుట్టి, వారం పొడుగునా రోజుకొకటి వచ్చేలా దండెం మీద ఆరేసేది. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ కూడా ఇచ్చారు. దాంతో నోరు ఎండిపోయేది, రుచి తెలిసేది కాదు.

ఆ నెలల్లో మామయ్యకు మాట లేదు. కావలసింది చేత్తో చూపించేవాడు, చెంచాతో కంచం మీద కొట్టేవాడు, లేకపోతే ఊరుకునేవాడు. ఎక్కువగా ఊరుకునేవాడు. గోడ ఇవతల నుంచి నాకు అత్త ఒక్కతే వినిపించేది. “ఉప్పు తక్కువైందంటారా? నిన్న ఎక్కువైందన్నారుగా! సరే వేస్తాను, అలా చూడకండి... ఏంటీ, మీ అక్కే బాగా వండుతుందా? అక్కడికే వెళ్ళండి మరి!” అని మొగుడి మాటలు కూడా తానే అనుకుని, వాటికి తానే జవాబు చెప్పేది. ఆ ఒంటరి గొడవలో ఒక్కోరోజు అత్తే ఓడిపోయేది.

పుండు మానాక డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. శ్వాసనాళానికీ ఆహారనాళానికీ మధ్య ఉన్న గోడలో చిన్న సందు చేసి, అందులో చొక్కా గుండీ అంత వాల్వు ఒకటి పెడతారు. మెత్తటి సిలికాన్‌ది. అది ఒకవైపుకే తెరుచుకునే తలుపు. మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఊపిరి వదిలితే, గాలి ఆ తలుపు తోసుకుని ఆహారనాళంలోకి వెళ్ళి, అక్కడి గోడల్ని అదిరించి, నోట్లోకి మాటగా వస్తుంది. తిన్నదీ తాగిందీ మాత్రం ఇటు ఊపిరితిత్తుల్లోకి రాకుండా ఆ తలుపు మూసుకుపోతుంది.

వాల్వు పెట్టిన రోజు అత్తా నేనూ పక్కనే ఉన్నాం. డాక్టరమ్మ మామయ్య బొటనవేలు పట్టుకుని మెడ మీద పెట్టించి, “ఏదైనా మాట అనండి” అంది. గాలి ఊదిన శబ్దం వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. పుక్కిలించినట్టు గరగర వచ్చింది.

అత్త ఊరుకుంటుందా? “వేలు గట్టిగా నొక్కలేదు డాక్టరమ్మా, ఆయనకి ఏదీ గట్టిగా పట్టుకోవడం రాదు. కూర్చునే తీరు కూడా సరిగా లేదు. ఇలా నిటారుగా...”

“నువ్వు కాస్త ఆగు” అన్నాడు మామయ్య.

లోతుగా, బొంగురుగా, పాత తలుపు తీసినట్టు వచ్చింది ఆ మాట. కానీ ప్రతి అక్షరం తెలిసింది. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త నిజంగానే ఆగింది. ఆగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో కనబడ్డ ప్రతివాళ్ళతోనూ, “మా ఆయనకి మాటొచ్చింది. వచ్చీ రాగానే నా నోరు మూయించాడు” అని గొప్పగా చెప్పుకుంది.

మామయ్య మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. పై గదికి కాదు. ఆయన లేనప్పుడు ఎవరో అమ్మాయి గొంతు రికార్డు చేసి పెట్టారు, అదే వినిపిస్తోంది. మామయ్యను కింద విచారణ కిటికీలో కూర్చోబెట్టారు. మొదట్లో జనం ఆయన మాట విని ఉలిక్కిపడేవారు. ఒక పిల్లవాడు కిటికీ ఊచలు పట్టుకుని, “తాతా, నీ మెడ మీద స్విచ్చుందా?” అని అడిగాడట. “ఉంది. నొక్కితేనే పలుకుతాను. మీ అమ్మకి కూడా ఒకటి పెట్టించమన్నావా?” అన్నాడట ఈయన. పిల్లవాడి తల్లి కూడా నవ్వేసిందట. ఈ సంగతి మామయ్య ఇంటికొచ్చి చెబుతుంటే, ఒక చెయ్యి ఎప్పుడూ మెడ మీదే ఉండాలి కాబట్టి, రెండో చేత్తోనే పిల్లవాడూ తల్లీ ఊచలూ అన్నీ చూపించాడు.

అంతా చక్కబడిందనుకున్నాక కొన్ని నెలలకు మామయ్య టీ మానేశాడు. కడుపులో మంట అన్నాడు. తర్వాత నీళ్ళు కూడా మా ముందు తాగడం తగ్గించాడు. భోజనం ముద్దలుగా, పొడిపొడిగా తినేవాడు, ముద్ద మింగి కాసేపు ఆగేవాడు. మాట్లాడడానికి అంతకుముందు కంటే ఎక్కువ శ్రమ పడుతున్నట్టు ముఖం ఎర్రబడేది. మాట్లాడడమే తగ్గించేశాడు. చొక్కా వదులైంది. పొద్దున్నే బాత్రూములో దగ్గు వినిపించేది, గోడ ఇవతలికి కూడా. అడిగితే “చల్లగాలి” అనేవాడు. మెడగుడ్డలు తనే ఉతుక్కుంటానన్నాడు. జన్మలో చేతిరుమాలు ఉతుక్కోని మనిషి.

ఒక సెలవురోజు అత్త నన్ను కేకేసింది. మిషను పక్కన రెండు మెడగుడ్డలు పరిచి ఉన్నాయి. బాత్రూములో బకెట్టు వెనక దొరికాయట.

“ఈ మరక వాసన చూడమ్మాయ్” అంది. “టీ! కడుపులో మంటంటూ నా చేతి టీ మానేసి బయట తాగుతున్నారన్నమాట మీ మామయ్య! నా టీకి ఏమొచ్చిందో అడుగు!”

“అత్తా, నోట్లోంచి ఒలికితే గుడ్డ పైన పడాలి కదా. ఇది లోపలివైపు అయింది” అన్నాను.

అత్త గుడ్డను తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది.

మామయ్య ఇంటికొచ్చేసరికి టీ పెట్టి, కప్పు ఆయన ముందుంచింది. “తాగండి” అంది.

ఆయన వద్దని తల ఊపాడు.

“నేను చూస్తుండగా ఒక్క గుక్క తాగండి.”

మామయ్య ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, కప్పు ఎత్తి ఒక గుక్క మింగాడు. వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నోట్లోంచి కాదు, మెడలోంచి. గుడ్డ మీద టీ రంగు చుక్కలు లోపలినుంచి తేలాయి. దగ్గు తగ్గాక బొటనవేలు మెడ మీద పెట్టుకుని, “మళ్ళీ వచ్చిందే” అన్నాడు. “లోపల తినేస్తున్నట్టుంది. తాగిందంతా ఊపిరిగొట్టంలోకి కారుతోంది.”

“నాకెందుకు చెప్పలేదు?” అంది అత్త.

“మొన్నమొన్ననేగా నువ్వు మళ్ళీ నవ్వుతున్నావు. ఎలా చెప్పమంటావు?”

అత్త కప్పు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది. పంపు విప్పిన శబ్దం చాలాసేపు వినిపించింది. బయటికి వచ్చినప్పుడు చీర మార్చుకుని, ఆసుపత్రి కాగితాల సంచి చంకలో పెట్టుకుని ఉంది. “లేవండి. ఏదైనా డాక్టరమ్మే చెప్పాలి, మీరూ నేనూ కాదు” అంది.

డాక్టరమ్మ మామయ్యకు నీలం రంగు నీళ్ళు కొంచెం తాగించి, దీపం వేసి మెడ రంధ్రంలోంచి చూసింది. వాల్వు మధ్యలోంచే నీలం చుక్క తొంగి చూసింది. గొంతులోకి కెమెరా గొట్టం పంపి నలుమూలలా వెతికింది. తర్వాత చిన్న పటకారుతో వాల్వును పట్టి లాగి, ఆ సందు పూడుకుపోకుండా ఒక గొట్టం పెట్టి, వాల్వును తెల్లటి పళ్ళెంలో వేసింది.

“అమ్మా, మీరు కూడా చూడండి. మీవారికి కాన్సర్ తిరగబెట్టలేదు. లోపలంతా శుభ్రంగా ఉంది. దోషం దీనిది” అంది.

పెట్టినప్పుడు గాజులా ఉన్న వాల్వు మీద, ఆహారనాళం వైపున, మీగడ రంగులో గడ్డలు గడ్డలుగా ఏదో పేరుకుని ఉంది. తలుపు రెక్క అంచులు వంకరపోయాయి. పూర్తిగా మూసుకోవడం లేదు.

“ఏంటమ్మా అది?”

“ఫంగస్. మామూలు మాటల్లో బూజనుకోండి.”

“బూజా!” అంది అత్త. “మా ఇంట్లో వారం వారం నేను బూజు దులుపుతాను డాక్టరమ్మా! పైకప్పు మూల సాలీడు నిలబడడానికి భయపడుతుంది. ఈయన గొంతులో బూజేంటి?”

వాల్వు లేదు కాబట్టి మామయ్య గొంతుకు చప్పుడు రాదు. కానీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉన్నాడు. అత్త చెయ్యి అందుకుని వదల్లేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఇది ఎక్కడినుంచో వచ్చింది కాదండీ. చాలామంది నోళ్ళలో ఉండేదే. నా నోట్లోనూ ఉండి ఉంటుంది. మామూలుగా దాని మానాన అది పడి ఉంటుంది. ఒంట్లో ఇలాంటి ప్లాస్టిక్ వస్తువు ఏదైనా ఉంటే దానికి కాపురం పెట్టడానికి చోటు దొరికినట్టే. ముందు కొన్ని కణాలు అతుక్కుంటాయి. పెరుగుతాయి, దారాల్లా సాగుతాయి, చుట్టూ జిగురు కక్కుకుంటాయి. ఆ జిగురులోకి బ్యాక్టీరియా కూడా వచ్చి చేరుతుంది. అంతా కలిసి ఒక పొర కడుతుంది. బయోఫిల్మ్ అంటాం.”

“పళ్ళ మీద పాచిలాగానా?” అంది అత్త.

“సరిగ్గా అలాగే. పాచి కూడా ఆ జాతి పొరే, కాకపోతే అది ఎక్కువగా బ్యాక్టీరియా కట్టేది. రేడియేషన్ వల్ల ఈయనకి నోట్లో తడి తగ్గింది. ఉమ్మి బాగా ఊరే నోరయితే తనను తాను కడుక్కుంటూ ఉంటుంది. ఎండిన నోట్లో వీటికి అడ్డు లేదు. దానికి తోడు తీపి ఎక్కువ తింటే ఇంకా బలం.”

అత్త మామయ్య వైపు ఒక చూపు చూసింది. టీలో ఆయన వేసుకునే పంచదార సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

“మందు వేస్తే చావదా మరి?” అన్నాను నేను.

“విడివిడిగా తిరిగేది చస్తుంది. పొర కట్టుకున్నాక అదే మందుకు చావదు. జిగురు మందును ఆపేస్తుంది. అడుగున ఉన్నవి ఎదుగుదల తగ్గించుకుని నిద్రపోతున్నట్టు ఉంటాయి, వాటి మీద మందు సరిగా పనిచెయ్యదు. పైన ఉన్నవి పోయినా అడుగువి మళ్ళీ లేస్తాయి. అందుకే దీన్ని బాగుచెయ్యడం మానేసి మార్చేస్తాం. కొందరికి కొన్ని నెలలు వస్తుంది, కొందరికి ఇంకా ఎక్కువ. కారడం మొదలైందంటే వెంటనే రావాలి. లేకపోతే తాగిందంతా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి నిమోనియా వస్తుంది. ఇంత ఆలస్యం చెయ్యకూడదండీ” అంది, మామయ్యతో.

కొత్త వాల్వు పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. వేలు మెడ మీద పెట్టుకుని మామయ్య అన్న మొదటి మాట, “ఒక టీ దొరుకుతుందా?”

“పంచదార లేకుండా” అంది అత్త.

అప్పటినుంచి పొద్దునా సాయంత్రం అద్దం ముందు నిలబడి, దీపం వెలుగులో, సన్నటి బ్రష్షు రంధ్రంలోంచి పెట్టి వాల్వును శుభ్రం చేసుకోవడం మామయ్య పని అయింది. వెనక నిలబడి ఇంకా తుడవండి, ఇంకా తుడవండి అనడం అత్త పని. డాక్టరమ్మ నోరు పుక్కిలించడానికి మందు కూడా ఇచ్చింది. అయినా వాల్వు కొన్ని నెలలకు మళ్ళీ చెడేది. బూజుకు మన శుభ్రం అంటే గౌరవమేగానీ భయం లేదనేవాడు మామయ్య. కారడం మొదలవగానే ఇక దాచేవాడు కాదు. “తలుపు వదులైందే” అని అత్తకు చెప్పి, మర్నాడే ఆసుపత్రికి బయల్దేరేవాడు.

అక్కడే ఆయనకు ఒక లారీ డ్రైవరు పరిచయమయ్యాడు. భారీ మనిషి, మెడ మీద అలాంటి రంధ్రమే. కొత్తగా వాల్వు పెట్టించుకున్నాడు గానీ మాట తిన్నగా రాక విసుగెత్తి ఉన్నాడు. మామయ్య పక్కన కూర్చుని ఊపిరి ఎప్పుడు వదలాలో, వేలు ఎలా ఆనించాలో చూపించాడు. “హారన్ కొట్టినట్టు కొట్టకు. తలుపు తట్టినట్టు తట్టు” అన్నాడు. డ్రైవరు తట్టాడు. మాట వచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకునేవారు. రెండు గరగరలు కలిసి ఎలా వినిపించేవో! “రెండు లారీలు ఎదురెదురుగా ఆగినట్టుంది” అనేది అత్త.

కొన్నాళ్ళకు డ్రైవరు ఫోను ఎత్తడం మానేశాడు. మామయ్య రెండుమూడుసార్లు చేసి చూసి, వాళ్ళ ఇంటికే వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. డ్రైవరు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఊపిరి బుసలు కొడుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. నీళ్ళు తాగితే దగ్గొస్తోందని నీళ్ళే మానేశాడట. ఆయన భార్య అడిగితే కళ్ళెర్ర చేశాడట.

మామయ్య ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. “తిరగబెట్టిందనుకుంటున్నావు కదూ?”

డ్రైవరు తల తిప్పుకున్నాడు.

“నేనూ అదే అనుకుని బకెట్టు వెనక గుడ్డలు దాచాను. తీరా చూస్తే బూజు. తాడు చూసి పామనుకుని, ఆ భయంతో చచ్చేవాణ్ణి. నీది కూడా తాడే అయ్యుండొచ్చు, చూపించుకుంటే పోయేదేముంది? లే.”

డ్రైవరు లేవలేకపోయాడు. మామయ్య ఒక భుజం, డ్రైవరు భార్య ఒక భుజం పట్టారు, నేను ఆటో పిలిచాను.

అప్పటికే నిమోనియా ముదిరింది. డ్రైవరుదీ బూజేనని తేలింది. వాల్వు మార్చారు, పెద్ద మందులు మొదలుపెట్టారు. మింగే ఓపిక లేదని, చేతి నరాలు దొరకడం లేదని, మెడ పక్కన పెద్ద నరంలోకి ఒక సన్నటి ట్యూబు వేసి దాన్నుంచే మందులూ బలమూ ఎక్కించారు. ఊపిరితిత్తులు కుదుటపడ్డాయి. జ్వరం దిగింది. ఇక ఇంటికే అనుకుంటుండగా చలితో వణుకుతూ జ్వరం మళ్ళీ ఎగబాకింది. మందు మార్చినా దిగలేదు. రక్తపరీక్షలో మళ్ళీ ఆ ఫంగసే కనబడింది. ఈసారి గొంతులో కాదు, రక్తంలో.

“ఇది వాల్వు సంగతి లాంటిది కాదు, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు” అంది డాక్టరమ్మ. “నరంలో ఉన్న ట్యూబు మీద పొర కట్టి ఉంటుంది. అక్కడినుంచి రక్తంలోకి రాలుతోంది. ఫంగస్ మందు ఇస్తున్నాం, కానీ ట్యూబు ఉన్నంతకాలం అది ఊరుతూనే ఉంటుంది. ట్యూబు తీసెయ్యాలి.”

డ్రైవరు భార్య ట్యూబు తీయడానికి ఒప్పుకోలేదు. “దాన్నుంచేగా ప్రాణం ఎక్కుతోంది! అది తీసేస్తే ఆయనకి ఏం మిగులుతుంది?” అని మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ రెండుసార్లు ఓపిగ్గా చెప్పింది. ఆమె చెవికి ఎక్కలేదు. భయంలో ఉన్న మనిషికి ఏ మాటా ఎక్కదు.

అత్త ఆమెను వరండాలోకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎప్పటిలా మాట మీద మాట పేర్చలేదు. “మా ఆయన వాల్వు కూడా అంతేనమ్మా. మాటంతా దాన్లోనే ఉందనుకున్నాను. డాక్టరమ్మ పీకి పళ్ళెంలో పడేస్తే నా గుండె ఆగినంత పనైంది. తీశాకే బాగయ్యారు. మందుకి వేరే దారి చూస్తారు, చెయ్యో కాలో ఎక్కడో ఒక నరం దొరుకుతుంది. బూజు పట్టిన గొట్టంలోంచి ఎంత అమృతం పోసినా ఏం లాభం చెప్పు?” అంది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, “తీసెయ్యండమ్మా” అంది.

ట్యూబు తీశారు. వెతగ్గా వెతగ్గా చేతిలో ఒక నరం దొరికితే దానికి చిన్న సూది పెట్టి ఫంగస్ మందు ఎక్కించారు. రక్తంలోంచి ఇంకెక్కడికైనా పాకిందేమోనని కళ్ళూ గుండే అన్నీ పరీక్ష చేశారు. జ్వరం ఒక్కసారిగా పోలేదు, పెంకి పిల్లాడిలా కాసేపు దిగి, మళ్ళీ ఎక్కి, ఆఖరికి ఓడిపోయింది. అది పోయాక కూడా చాలాకాలం మందు ఆపలేదు. మామయ్య డ్యూటీ అయ్యాక రోజూ వెళ్ళి డ్రైవరు మంచం పక్కన కూర్చునేవాడు. డ్రైవరుకు మాట్లాడే శక్తి లేదు కాబట్టి ఈయనే మాట్లాడేవాడు. ఏ బస్సు ఆలస్యమైందో, ఏ కండక్టరు ఎవరితో గొడవపడ్డాడో, రికార్డు అమ్మాయి ఏ బస్సు పేరు తప్పుగా చెబుతోందో. చుట్టుపక్కల మంచాల వాళ్ళు కూడా వినేవారు. నర్సు వచ్చి “మామయ్యా, వేళైపోయింది” అంటే, “ఈ ఒక్క బస్సూ పంపించి వస్తానమ్మా” అనేవాడు.

డ్రైవరు ఇంటికెళ్ళాడు. చిక్కి సగమయ్యాడు, మళ్ళీ లారీ ఎక్కలేదు, కానీ బాగున్నాడు. వాళ్ళ వీధి మొదట్లో టైర్లకు గాలి కొట్టే కొట్టు పెట్టాడు. “గాలి పని మనిద్దరికీ బాగా తెలుసు” అని మామయ్యకు ఫోను చేసి చెప్పాడు.

ఆ తర్వాత డాక్టరమ్మే మామయ్యను అడిగింది, ఆపరేషన్‌కు ముందు భయపడే వాళ్ళతో కాసేపు వచ్చి మాట్లాడతారా అని. తన సెలవురోజున వెళ్తున్నాడు. అత్త కూడా వెళ్తుంది. ఆపరేషన్ జరగవలసినవాళ్ళతో ఆయన, వాళ్ళ ఇళ్ళవాళ్ళతో ఈమె. మామయ్య అబద్ధం చెప్పడు. పాత గొంతు రాదనే చెబుతాడు. ఈత కొట్టకూడదని, వాసన సరిగా తెలియదని, వాల్వుకు బూజు పట్టడం ఖాయమని, పట్టిన రోజు దాచుకోవద్దని చెబుతాడు. చెప్పి, ఆ గొంతుతోనే ఏదో ఒక జోకు వేస్తాడు.

మొన్న నేను కూడా వెళ్ళాను. బజారులో చేపలమ్మే ఒకామె వచ్చింది. ఆమెకు ఆ వారమే ఆపరేషన్. బండగొంతుతో బజారంతా అదరగొట్టే మనిషట, ఆ రోజు మాత్రం పైటచెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మామయ్య అన్నీ చెప్పాడు. ఆమె అన్నీ వింది. చివరికి తల ఎత్తి, గుసగుసగా, “మాటొచ్చేదాకా కొన్ని నెలలు పడుతుందంటున్నారు కదన్నా. ఈలోపల మా ఆయన ఆ నిశ్శబ్దానికి అలవాటు పడిపోతే?” అంది.

“పడనిస్తామా!” అంది అత్త, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. “ఇలా రా, నేను చెబుతాను ఏం చెయ్యాలో.”